స్టాన్‌ఫర్డ్ అబ్బాయిల టెన్నిస్ జట్టు: మా అమలాపురం కోర్టులో తరచుగా అడిగే ప్రశ్నలు

మా కోర్టుకి ఆటకొచ్చే పిల్లలూ, పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని చూసే వాళ్ల నాన్నలూ, అప్పుడప్పుడూ వచ్చే తాతయ్యలూ నన్ను అడుగుతూ వస్తున్న ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

కోనసీమలో ఉండి, ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న కాలేజీ జట్టు చరిత్ర మనకెందుకండీ?

2025 జనవరి 13. మనకి భోగి. ఆ రోజు ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో జొకోవిచ్ మీద నిషేష్ బసవరెడ్డి అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు మొదటి సెట్ 6-4తో గెలిచాడు. తర్వాతి మూడు సెట్లూ జొకోవిచ్ తీసుకున్నాడనుకోండి. కానీ ఆ మొదటి సెట్ చాలు, మా పిల్లలకి నిద్ర లేదు. కనుమనాడు ప్రభల తీర్థానికి వెళ్లాల్సినవాళ్లు కూడా పొద్దున్నే రాకెట్లు పట్టుకుని వచ్చేశారు. "మాస్టారూ, వాళ్ల అమ్మానాన్నలది నెల్లూరంట కదా! ఎక్కడ నేర్చుకున్నాడండీ?" అన్నదే ప్రశ్న.

పుట్టి పెరిగింది అమెరికాలోనే. అంతకుముందు నెలలోనే ప్రొఫెషనల్ అయ్యాడు. దానికి ముందు రెండేళ్లు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టులో ఆడాడు. ఆ జట్టు సంగతి చెప్పడం అక్కడ మొదలైంది, ఇంకా పూర్తవలేదు.

టెన్నిస్ ఒక్కడు ఆడే ఆట కదా. అందులో జట్టేమిటి?

అందరూ మొదట తడబడేది ఇక్కడే. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో రెండు జట్లు ఎదురెదురుగా దిగుతాయి. ముందు మూడు డబుల్స్ ఆటలు, మూడూ ఒకేసారి పక్కపక్క కోర్టుల్లో జరుగుతాయి. వాటిలో రెండు గెలిచిన జట్టుకి ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఆట బలాన్ని బట్టి ఒకటో నంబరు నుంచి ఆరో నంబరు దాకా. ఒక్కో గెలుపుకి ఒక్కో పాయింటు. మొత్తం ఏడు, ముందు నాలుగు తెచ్చుకున్న జట్టుది గెలుపు.

డ్యూస్ దగ్గర కూడా తేడా ఉంది. మనలాగా అడ్వాంటేజ్, మళ్లీ డ్యూస్ అంటూ సాగదు. 40-40 అయ్యిందా, ఒక్కటే పాయింటు, దాంతో గేమ్ తేలిపోవాలి. సర్వీసు ఏ వైపు నుంచి పడాలో అందుకునేవాడు చెప్తాడు. ఆ ఒక్క పాయింటు దగ్గర టెన్షన్ ఎలా ఉంటుందో ఆడి చూస్తేనే తెలుస్తుంది.

పైగా ఆరు కోర్టుల్లో ఒకేసారి ఆట జరుగుతుంటే పక్క కోర్టులో తమవాడు కొట్టిన కేక వీడి చెవిన పడుతుంది. వాడు గెలుస్తున్నాడని తెలిస్తే వీడికి ధైర్యం. ఓడుతున్నాడని తెలిస్తే, ఇక తనే లాక్కురావాలన్న పట్టుదల.

మా వాడిని ఆరో నంబరులో పెట్టారు. నామోషీ కదండీ?

ఈ ప్రశ్న అడిగిన నాన్నగారి ముఖం నాకింకా గుర్తుంది. మనసులో ఉన్నది దాచుకోకుండా అడిగారు. ఆయనకి చెప్పిన జవాబే ఇక్కడా చెప్తున్నాను.

ఒకటో నంబరు వాడు గెలిస్తే ఎంతో, ఆరో నంబరు వాడు గెలిచినా అంతే. ఒక్క పాయింటు. స్కోరు 3-3 దగ్గర ఉండి ఆరో కోర్టులో ఆట మిగిలితే, మిగతా అయిదుగురూ చేతులు కట్టుకుని ఆ కుర్రాడినే చూస్తారు. అప్పుడు ఆ జట్టుకంతటికీ పెద్ద ఆటగాడు వాడే. స్టాన్‌ఫర్డ్ చరిత్ర చదివినకొద్దీ నాకు అర్థమైంది కూడా ఇదే. పేపర్లలో పడ్డవి పైరెండు కోర్టుల పేర్లే కానీ, అన్నేళ్లు గెలవాలంటే కింది కోర్టుల్లో గట్టివాళ్లు ఉండి తీరాలి.

ఆ జట్టు ఎప్పటి నుంచి పెద్ద జట్టు?

యూనివర్సిటీ తలుపులు తెరిచింది 1891లో. టెన్నిస్‌లో తొలినాళ్ల పెద్ద పేరు టెడ్ ష్రోడర్. 1942లో స్టాన్‌ఫర్డ్ తరఫున కాలేజీ సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచాడు. అదే ఏడాది అమెరికా జాతీయ టైటిల్, 1949లో వింబుల్డన్. కానీ అది ఒక మనిషి గొప్పతనం. కాలిఫోర్నియాలో అప్పుడు రాజ్యమంతా దక్షిణాన లాస్ ఏంజెలెస్‌లో ఉన్న యూఎస్‌సీ, యూసీఎల్ఏ జట్లదే. ఎండ బాగా కాసే ఆ ఊళ్లకే మంచి ఆటగాళ్లు వెళ్లేవారు. ఉత్తరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ వంతు రావడానికి 1966 దాకా ఆగాలి.

1966లో ఏం జరిగింది?

డిక్ గూల్డ్ కోచ్‌గా వచ్చాడు. స్టాన్‌ఫర్డ్‌లోనే చదివి, అక్కడి జట్టుకే ఆడినవాడు. అంతకుముందు దగ్గర్లోనే ఫుట్‌హిల్ అనే చిన్న కాలేజీలో కోచింగ్ ఇచ్చాడు. వచ్చీ రాగానే టైటిళ్లేమీ వచ్చి పడలేదు. మొదటిది 1973లో. ఏడేళ్లు పట్టింది.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్న విషయం ఇదేనండి. ఏడేళ్లు ఆగారు. ఆయన్ని తీసెయ్యలేదు, ఆయనా ఇంకోచోటికి వెళ్లలేదు. మొత్తం 38 ఏళ్లు, 2004 దాకా, ఒకే జట్టుకి కోచ్. ఆ కాలంలో 776 గెలుపులు, 148 ఓటములు, 17 జాతీయ టైటిళ్లు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో మా యూనివర్సిటీ జట్టుకి ఆడాను. ఒక పూట సెలెక్షన్లు పెట్టి, సాయంత్రానికి పేర్లు చదివేవారు. నాతో డబుల్స్ ఆడాల్సిన కుర్రాడిని నేను మొదటిసారి చూసింది రైల్వే ప్లాట్‌ఫారం మీద. ఇద్దరం ఒక్క రోజైనా కలిసి ప్రాక్టీసు చెయ్యకుండానే మొదటి మ్యాచ్ ఆడాం. మధ్యలో పడ్డ బంతికి ఇద్దరం పరిగెత్తాం, ఇద్దరం ఆగిపోయాం, బంతి మా మధ్యలోంచి వెళ్లిపోయింది. మా వెంట వచ్చిన మేనేజరు మరుసటి ఏడాది లేరు, వేరొకరు వచ్చారు. మా వాళ్లలో ప్రతిభకి లోటు లేదు. ఆ పిల్లల్ని నాలుగేళ్లు ఒకే కంటితో చూసే మనిషి లేకపోవడమే లోటు. గూల్డ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది.

ఆ 17 టైటిళ్లు ఏ ఏ ఏళ్లలో?

1973, 1974, 1977, 1978, 1980, 1981, 1983, 1986, 1988, 1989, 1990, 1992, 1995, 1996, 1997, 1998, 2000.

ఈ వరుసని మా పిల్లలతో బోర్డు మీద రాయించాను. రాశాక ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు కనిపెట్టాడు: "మాస్టారూ, వరసగా మూడేళ్లు ఖాళీ ఎక్కడా లేదండి." నిజమే. 1973 నుంచి 2000 దాకా టైటిల్ లేకుండా గడిచింది వరసగా రెండేళ్లే, అంతకు మించి లేదు. అంటే ఆ కాలంలో అక్కడ నాలుగేళ్లు ఉండి చదువు పూర్తిచేసిన ఏ కుర్రాడైనా కనీసం ఒక్క జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నట్టే. అంతకన్నా గొప్ప రికార్డు నాకు తెలిసి కాలేజీ ఆటల్లో తక్కువ.

మొత్తం టైటిళ్ల లెక్కలో మాత్రం 21తో యూఎస్‌సీదే మొదటి స్థానం. స్టాన్‌ఫర్డ్ 17, యూసీఎల్ఏ 16.

1977కి ముందు టైటిల్ వేరే రకంగా ఇచ్చేవారంటారు, నిజమేనా?

నిజం. అంతకుముందు జట్లు ఎదురెదురుగా ఆడి టైటిల్ తేల్చుకునే పద్ధతి లేదు. అందరూ ఒకే సింగిల్స్, డబుల్స్ టోర్నమెంటు ఆడేవారు, ఎవరు ఎంత దూరం వెళ్తే వాళ్ల కాలేజీకి అన్ని పాయింట్లు. అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురు మొనగాళ్లుంటే చాలు. 1973లో స్టాన్‌ఫర్డ్‌కి శాండీ మేయర్ సింగిల్స్ గెలిచాడు, జిమ్ డెలానీతో కలిసి డబుల్స్ కూడా గెలిచాడు. 1974లో జాన్ విట్లింగర్ సింగిల్స్, అదే డెలానీతో డబుల్స్. టైటిళ్లు అలా వచ్చాయి.

1977 నుంచి జట్టుకీ జట్టుకీ ముఖాముఖి పోటీ పెట్టారు. ఇప్పుడు ఆరుగురూ కావాలి. పాత పద్ధతిలో గెలిచిన జట్టు కొత్త పద్ధతిలో చతికిలబడొచ్చు. కానీ ఆ మొదటి ఏడాదే ఫైనల్లో టెక్సస్‌కి చెందిన ట్రినిటీని ఓడించి స్టాన్‌ఫర్డే గెలిచింది, తర్వాతి ఏడాది మళ్లీ గెలిచింది. గూల్డ్ అప్పటికే అడుగు నుంచి జట్టు కట్టుకుని ఉన్నాడనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

టెన్నిస్ దిగ్గజం జాన్ మెకన్రో నిజంగా కాలేజీ జట్టుకి ఆడాడా?

ఆడాడు. ఒక్క ఏడాది. 1977 వేసవిలో పద్దెనిమిదేళ్లప్పుడు క్వాలిఫయింగ్ నుంచి వచ్చి వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఇప్పుడైతే ఆ మర్నాడే ప్రొఫెషనల్ అయిపోతారు. ఆయన వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు.

1978లో జట్టు టైటిల్ గెలిచాక, జార్జియాలోని ఏథెన్స్‌లో సింగిల్స్ ఫైనల్. ఎదురుగా నార్త్ కరోలినా స్టేట్‌కి ఆడిన జాన్ సాద్రి, బుల్లెట్‌లా సర్వీసు చేసేవాడు. స్కోరు 7-6, 7-6, 5-7, 7-6. నాలుగు సెట్లలో మూడు టైబ్రేకులు, అంటే 6-6 దాకా వెళ్లి తేలినవి. వింబుల్డన్ సెమీస్ చూసి వచ్చినవాడికి ఒక కాలేజీ కుర్రాడు అంత చెమట పట్టించాడు. "కాలేజీ ఆటే కదా" అని తేలిగ్గా తీసేసేవాళ్లకి నేను ఈ స్కోరు చూపిస్తాను. ఆయన తమ్ముడు పాట్రిక్ కూడా తర్వాత అదే జట్టుకి ఆడాడు.

బ్రయాన్ కవలలు కూడా వీళ్లేనా?

అవునండి. బాబ్, మైక్. ఇద్దరూ రెండేళ్లు అక్కడ ఉన్నారు, 1997, 1998 టైటిళ్లలో భాగం పంచుకున్నారు. 1998లో బాబ్ ఒకే ఏడాది సింగిల్స్, డబుల్స్, జట్టు టైటిల్ మూడూ గెలిచాడు. ఆ సింగిల్స్ ఫైనల్లో ఎదుటివాడెవరో తెలుసా? సొంత జట్టువాడే, పాల్ గోల్డ్‌స్టీన్. కొద్ది రోజుల ముందు ఒకరి కోసం ఒకరు కేకలు వేసుకున్నవాళ్లు నెట్టుకి చెరోవైపు నిలబడ్డారు.

గోల్డ్‌స్టీన్ ఆ ఆట ఓడాడు. కానీ 1995 నుంచి 1998 దాకా వరసగా నాలుగు జట్టు టైటిళ్లూ గెలిచిన కుర్రాడు అతను. చదివిన నాలుగేళ్లూ ఛాంపియనే.

కవలలు తర్వాత ఇద్దరూ కలిసి 16 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు, 2012 లండన్ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచారు.

2000 తర్వాత ఏమైంది?

జట్టు టైటిల్ మళ్లీ రాలేదు. గూల్డ్ 2004లో దిగిపోయాక, 1974లో సింగిల్స్ గెలిచిన విట్లింగరే కోచ్ అయ్యాడు. 2014లో ఆ బాధ్యత గోల్డ్‌స్టీన్ తీసుకున్నాడు. అంటే అక్కడ పండిన గింజే మళ్లీ అక్కడ విత్తనం. 2010లో బ్రాడ్లీ క్లాన్ సింగిల్స్ టైటిల్ తెచ్చాడు. 2021లో వింబుల్డన్ జూనియర్స్ గెలిచిన సమీర్ బెనర్జీ, మన నిషేష్ కూడా అక్కడే చేరారు. 2024లో పాత పసిఫిక్ తీరపు లీగు చెదిరిపోవడంతో, స్టాన్‌ఫర్డ్ ఏకంగా అట్లాంటిక్ తీరపు లీగులో చేరింది. పిల్లలు లీగు మ్యాచ్‌ల కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరికి విమానాల్లో తిరగాలి. ఇది నాకు బాధగానే ఉంది. చదువుకునే కుర్రాళ్లకి అంత ప్రయాణం మంచిది కాదు.

అమ్మాయిల జట్టు లేదా?

ఉంది, ఇంకా గొప్పది. అమ్మాయిలకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ) టైటిల్ పెట్టిన మొదటి ఏడాది 1982లోనే గెలిచింది. 2019కల్లా 20 టైటిళ్లు. దాని కథ విడిగా రాస్తాను.

మనవాళ్లు ఎవరైనా అలా కాలేజీలకి ఆడి పైకొచ్చారా?

మనకి దగ్గరి జిల్లా వాడే ఉన్నాడు. సాకేత్ మైనేని పుట్టింది కృష్ణా జిల్లా ఉయ్యూరులో. అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో మళ్లీ రజతం.

సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీకి ఆడి 2007, 2008లో వరసగా రెండేళ్లు కాలేజీ సింగిల్స్ గెలిచాడు. 2007 ఫైనల్లో ఓడించింది ఆరడుగుల పది అంగుళాల జాన్ ఇస్నర్‌ని. అయితే వర్జీనియాకి మొదటి జట్టు టైటిల్ వచ్చింది 2013లో. సోమ్‌దేవ్ అంతటివాడు ఉన్నా అప్పుడు రాలేదు. ఆరుగురి సంగతి నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మా అబ్బాయికి స్కాలర్‌షిప్ వస్తుందా? ఫుల్లు ఫ్రీ అంటున్నారే?

ఏజెంట్ల మాట నమ్మి అప్పులు చెయ్యకండి. మొన్నమొన్నటి దాకా పెద్ద డివిజన్‌లో, అంటే కాలేజీ ఆటల పై స్థాయిలో, అబ్బాయిల టెన్నిస్ జట్టు మొత్తానికీ కలిపి 4.5 స్కాలర్‌షిప్‌లే. అమ్మాయిల జట్టుకి 8. ఆ నాలుగున్నరని ఎనిమిది, తొమ్మిది మందికి పంచేవారు. అంటే ఎక్కువమందికి సగమో పావో. 2025-26 నుంచి, కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకి ఆ పరిమితి తీసేసి, జట్టులో 10 మందే ఉండాలని పెట్టారు. ఇవ్వొచ్చు అన్నారు గానీ, ఇచ్చి తీరాలని లేదు. ఏ కాలేజీకి ఎంత ఇచ్చే స్తోమత ఉందో కోచ్‌నే సూటిగా అడగాలి. కాగితం మీద ఉన్నదే లెక్క.

ఇంటర్లో చేర్పించాక ఆట మాన్పించాలా?

దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా 16 ముఖ్య సబ్జెక్టుల మార్కులు ఎన్‌సీఏఏ చూస్తుంది. కాబట్టి చదువు వదిలేసి ఆడతానంటే అక్కడ గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఇంటర్ అయ్యాక ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండి ఆడినా అర్హత తగ్గుతుంది. రెండూ కలిపి నడవాలి.

మన దగ్గర జరిగేదేమిటి? పదో తరగతి అవగానే హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీ. నా దగ్గర ఆరేళ్లు ఆడిన ఒక కుర్రాడిని అలాంటి ఒక కాలేజీలో చేర్చారు. రాకెట్టు లోపలికి తేకూడదన్నారు. గేటు దగ్గరే వాళ్ల నాన్న చేతికిచ్చేశాడు. దసరా సెలవులకి వచ్చి కోర్టులో దిగితే పది నిమిషాలకి ఆయాసం. చేతిలో బొబ్బలు. ఆరేళ్లు కాయకట్టిన చెయ్యి నాలుగు నెలల్లో మెత్తబడిపోయింది. రోజుకి గంట ఆట చదువుని చెడగొట్టదు. మధ్యాహ్నం ఇంటికొచ్చే కాలేజీ ఉంటే చూడండి, దయచేసి.

మన యూనివర్సిటీల్లో ఆడితే లాభం లేదా?

ఎందుకు లేదు! మన కాలేజీలు ఒకప్పుడు 1926లో పెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంజనీరింగ్ వాళ్లకి కాకినాడ జేఎన్‌టీయూ. అన్నిటికీ టెన్నిస్ జట్లు పంపే వీలుంది, సౌత్ జోన్ పోటీలున్నాయి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలకి ఆ సర్టిఫికెట్లు పనికొస్తాయి. సెలెక్షన్లు ఎప్పుడో మీ కాలేజీ పీడీ గారిని జూలైలోనే అడిగి పెట్టుకోండి. నోటీసు బోర్డు మీద పడేసరికి ఒక్కోసారి రెండు రోజులే ఉంటాయి.

మనది మట్టి కోర్టు, వాళ్లది హార్డు కోర్టు. పనికొస్తుందా?

పనికొస్తుంది. మట్టి మీద బంతి నెమ్మదిగా వస్తుంది, ఎత్తుగా లేస్తుంది. పాయింటు ఓపిగ్గా కట్టడం అలవాటవుతుంది. హార్డు కోర్టు మీద బంతి జారినట్టు వచ్చేస్తుంది, కాబట్టి రాకెట్టు ముందే వెనక్కి తియ్యాలి. నెలకి రెండుసార్లయినా హార్డు కోర్టు ఉన్న ఊరికి తీసుకెళ్లండి.

మన గాలిలో తేమ ఎక్కువ. సాయంత్రం అయిదు దాటితే బంతి నీళ్లు పీల్చినట్టు బరువెక్కుతుంది, గట్స్, అదే రాకెట్టు తీగలు, వదులవుతాయి. పిల్లలు చెయ్యి నొప్పి అంటే ముందు గట్స్ చూడండి, తర్వాత చెయ్యి చూడండి.

ఆదివారం జట్టు పోటీకి ఎవరు రావచ్చు?

పన్నెండేళ్లు దాటిన ఎవరైనా. స్టాన్‌ఫర్డ్ వాళ్ల పద్ధతే, ముందు డబుల్స్, తర్వాత ఆరు సింగిల్స్. మనకున్నవి రెండే కోర్టులు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి. ఎండ ముదిరేలోపు అవ్వాలని ఒక్కో సింగిల్స్‌కి ఒక్క సెట్టే పెట్టాం.

పొద్దున్న అయిదున్నరకల్లా రావాలి. ముందురోజు రాత్రి తడిపిన మట్టి అప్పటికి సరిగ్గా పదునుకొస్తుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి అంటుకోకూడదు. అప్పుడు రోలరు లాగాలి. నలుగురు పట్టాలి, ఒకటో నంబరు వాడైనా సరే. తర్వాత తాడు కట్టి సున్నం గీతలు పొయ్యాలి. పోయినవారం కాకినాడ కుర్రాళ్లతో 3-3 దాకా వెళ్లి ఆరో ఆట మిగిలింది. మా ఆరో నంబరు వాడు టైబ్రేకులో 5-6 మీద ఉన్నప్పుడు కొట్టిన బంతి గీత మీద పడింది, సున్నం పొడి లేచింది. అవుట్ అనబోయిన కాకినాడ అబ్బాయి కిందికి చూసి, తనే "లైనండీ" అన్నాడు. ఆ ఆట 9-7తో మా వాడిదే అయ్యింది. ఈ ఆదివారం వాళ్లు మళ్లీ వస్తున్నారు. నీళ్ల సీసా, తువ్వాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.